"నా ఫోన్‌లో బాగానే వస్తోందే!" అనే ముందు ఒక్కసారి ఆగండి

2020 ఫిబ్రవరి 20న ప్రపంచవ్యాప్తంగా చాలామంది శాంసంగ్ గెలాక్సీ యూజర్లకి ఒక వింత నోటిఫికేషన్ వచ్చింది. 'ఫైండ్ మై మొబైల్' పేరుతో పైన ఒక 1, దాని కింద ఇంకో 1. అంతే. నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. ఫోన్ ఎవరో హ్యాక్ చేశారేమోనని జనం కంగారు పడ్డారు. తర్వాత కంపెనీ అసలు సంగతి చెప్పింది. లోపల చేసుకుంటున్న ఒక టెస్ట్ మెసేజ్ పొరపాటున బయటివాళ్ళ ఫోన్లకి వెళ్ళిపోయిందట.

అప్పట్లో ఆ వార్త చదివి నేనూ నవ్వుకున్నాను. "అంత పెద్ద కంపెనీకి టెస్ట్ ఏదో, అసలు ఏదో తెలీదా" అనుకున్నాను. రెండేళ్ళు తిరక్కుండా అలాంటి తప్పే నేను చేశాను. నాది లక్షల ఫోన్ల కథ కాదు, ఒక ఊళ్ళో నలభై రెండు ఇళ్ళ కథ. కానీ నోటిఫికేషన్‌లో పోయింది ఒక అంకె మాత్రమే, నా తప్పులో పోయింది డబ్బు, దానితో పాటు ఒక మనిషి పరువు. అందుకే ఈ వారం ఫోన్ రివ్యూ పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను.

ఇంట్లో పులిహోర, పెళ్ళిలో పులిహోర

ముందు టెక్నికల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. యాప్ తయారుచేసేటప్పుడు డెవలపర్ దాన్ని తన లాప్‌టాప్‌లో, తన ఫోన్‌లో నడిపి చూసుకుంటాడు. దీన్ని డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. మీరు ప్లే స్టోర్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని వాడేది ప్రొడక్షన్. పెద్ద కంపెనీల్లో ఈ రెండింటి మధ్య స్టేజింగ్ అని ఇంకోటి ఉంటుంది, డ్రెస్ రిహార్సల్ లాంటిది.

యాప్ ఒకటే అయినా ఈ చోట్ల కొన్ని విషయాలు వేరుగా ఉండి తీరాలి. ఏ సర్వర్‌తో మాట్లాడాలి, పేమెంట్ నిజంగా కట్ అవ్వాలా ఉత్తుత్తిగా అవ్వాలా, ఎస్సెమ్మెస్ నిజంగా వెళ్ళాలా వద్దా, రేటు ఎంత, ఏ ఫీచర్ ఆన్‌లో ఉండాలి... ఇలాంటివన్నీ కలిపి కాన్ఫిగరేషన్ అంటారు. మన భాషలో సెట్టింగ్స్ అనుకోండి.

ఇంట్లో నలుగురికి పులిహోర కలిపిన చెయ్యే పెళ్ళిలో నాలుగొందల మందికి కలుపుతుంది. వంటకం అదే. కానీ గిన్నె వేరు, పొయ్యి వేరు, ఉప్పు కొలత వేరు. ఆ కొలత కాగితం మీద లేకుండా "నా చేతికి తెలుసులే" అనుకుంటే పెళ్ళి పంక్తిలో ఏమవుతుందో మీకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో చాలా గొడవలు వంటకం వల్ల రావు, ఈ ఉప్పు కొలత వల్లే వస్తాయి.

నలభై రెండు ఇళ్ళ పాల లెక్క

కృష్ణా జిల్లాలో మా అక్కావాళ్ళ ఊళ్ళో మా బావ పాల కేంద్రం నడుపుతాడు. పొద్దున, సాయంత్రం జనం క్యాన్లతో గేదె పాలు తెస్తారు. లీటర్లు కొలిచి, శాంపిల్ తీసి, మెషీన్‌లో ఫ్యాట్ చూసి పుస్తకంలో రాస్తారు. పదిహేను రోజులకి ఒకసారి బిల్లు. పుస్తకం చూసి కూడికలు వేయడానికే బావకి రెండు రాత్రులు పట్టేది. "నువ్వు ఫోన్ల గురించి అంత రాస్తావు, నాకో యాప్ చేసి పెట్టలేవురా?" అన్నాడు. చేసి పెట్టాను. లీటర్లు, ఫ్యాట్ కొడితే లెక్క అదే వేస్తుంది, పోసినవాళ్ళ ఫోన్‌కి మెసేజ్ వెళుతుంది.

లెక్క సింపుల్. ఒక్కో ఫ్యాట్ పాయింట్‌కి అప్పుడు రేటు రూ. 7.50. పాలలో ఫ్యాట్ 6.5 వస్తే లీటరుకి రూ. 48.75. ఈ రేటు డెయిరీవాళ్ళు మారుస్తూ ఉంటారు కాబట్టి దాన్ని యాప్‌లో కాకుండా సర్వర్‌లో పెట్టాను. అంతవరకు బాగానే ఉంది. కానీ నెట్ లేకనో మరెందుకో సర్వర్ నుంచి రేటు రాకపోతే యాప్ ఆగిపోకూడదు కదా అని ఓ తెలివి ప్రదర్శించాను. "రేటు దొరక్కపోతే 7 అనుకో" అని కోడ్‌లో ఒక లైను రాశాను. గుండ్రటి అంకె, టెస్టింగ్‌కి సులువు అని.

నెల రోజులు టెస్ట్ సర్వర్‌తో నా ఫోన్‌లో, బావ ఫోన్‌లో చూసుకున్నాం. ప్రతి లెక్కా పుస్తకంతో సరిపోయింది. అప్పుడు అసలు సర్వర్ పెట్టి, యాప్‌ని దానివైపు తిప్పి, బావ చేతికిచ్చి హైదరాబాద్ వచ్చేశాను.

పదహారో రోజు ఫోన్ వచ్చింది. బావ గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "ఏరా, నీ యాప్ ఏం చేసిందో చూడు. ఊళ్ళో నన్ను దొంగ అంటున్నారు."

విషయం పట్టుకున్నది రోజుకి నాలుగు లీటర్లు పోసే ఒక మామ్మ. ఆవిడ చదువుకోలేదు. కానీ పదిహేను రోజులకి అరవై లీటర్లు, ఫ్యాట్ ఆరున్నర, రావాల్సింది మూడు వేలకి కాస్త తక్కువ అని వేళ్ళ మీద లెక్క వేసుకుని వచ్చింది. రావాల్సింది రూ. 2,925. యాప్ ఇచ్చింది రూ. 2,730. తేడా రూ. 195. "నీ ఫోను తప్పు చెబుతోంది అబ్బాయ్" అందట బావతో, అందరి ముందు. అక్కడున్న ఇంకొకాయన ఆ మాట అందుకుని "ఫోను పెట్టింది అందుకేనేమో" అన్నాడట. డెయిరీ నుంచి బావకి డబ్బు 7.50 లెక్కనే వచ్చింది. అంటే మిగిలిన తేడా బావ దగ్గరే ఉంది. రోజుకి మూడొందల లీటర్ల కేంద్రం, పదిహేను రోజులకి పద్నాలుగు వేల పైచిలుకు. బయటి నుంచి చూసేవాళ్ళకి అది కచ్చితంగా మోసంలాగే కనిపిస్తుంది.

జరిగింది ఇది. టెస్ట్ సర్వర్‌లో రూ. 7.50 అనే అంకెని నెలల క్రితం నేనే చేత్తో టైప్ చేశాను. ఎక్కడా రాసుకోలేదు. కొత్త సర్వర్ పెట్టినప్పుడు కోడ్ వెళ్ళింది, జనం పేర్లు వెళ్ళాయి, ఆ ఒక్క అంకె వెళ్ళలేదు. యాప్ రేటు అడిగింది. సర్వర్ "లేదు" అంది. యాప్ ఎర్రర్ చూపించలేదు, ఏడవలేదు, నేను నేర్పినట్టే బుద్ధిగా 7 అనుకుని పదిహేను రోజులు తప్పు లెక్క వేసింది. కోడ్‌లో ఒక్క బగ్ లేదు. నేను బావతో మొదట అన్న మాట ఏంటో తెలుసా? "నా ఫోన్‌లో సరిగ్గానే వస్తోందే బావా!" నిజమే, నా ఫోన్ ఇంకా టెస్ట్ సర్వర్‌తోనే మాట్లాడుతోంది.

బావ ఇల్లిల్లూ తిరిగి తేడా డబ్బు ఇచ్చి వచ్చాడు. నేను కూడా వెళ్ళి, తప్పు నాదని చెప్పాను. చాలామంది నవ్వేసి ఊరుకున్నారు. ఇద్దరు మాత్రం ఇంకో కేంద్రానికి మారిపోయారు, మళ్ళీ రాలేదు. డబ్బు ఒక్క రోజులో సర్దుకుంది. మాట సర్దుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

పెద్దవాళ్ళూ ఇలాగే పడ్డారు

ఆ తర్వాత ఇలాంటి కథలు వెతికి చదవడం అలవాటైంది. నా అనుభవం ఎంత మామూలో అప్పుడు తెలిసింది.

మన ఫోన్ల లోకం నుంచే ఒకటి. 2017 నవంబర్‌లో వన్‌ప్లస్ ఫోన్లలో 'ఇంజనీర్‌మోడ్' అనే యాప్ బయటపడింది. ఫ్యాక్టరీలో ఫోన్ హార్డ్‌వేర్ పరీక్షించడానికి వాడే టూల్ అది. ఫ్యాక్టరీ దాటకూడనిది, కొన్నవాళ్ళ ఫోన్లలోనే ఉండిపోయింది. ఫోన్ చేతిలో ఉండి, పాస్‌వర్డ్ తెలిస్తే దాని ద్వారా రూట్ యాక్సెస్ తెచ్చుకోవచ్చని ఒక రీసెర్చర్ చూపించాడు, ఆ పాస్‌వర్డ్ కూడా త్వరలోనే దొరికిపోయింది. కంపెనీ దాన్ని పెద్ద ప్రమాదంగా చూడలేదు గానీ, ఆ రూట్ సదుపాయాన్ని అప్‌డేట్‌లో తీసేస్తామని ప్రకటించింది. డెవలప్‌మెంట్ వస్తువు ప్రొడక్షన్‌లో మిగిలిపోవడం అంటే ఇదే. ఇల్లు కట్టిన మేస్త్రీ తన తాళంచెవి గుమ్మం మీద మర్చిపోయి వెళ్ళినట్టు.

రెండోది డబ్బు విషయంలో దీనికి తాత. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్‌తో మార్కెట్లోకి దిగింది. వాళ్ళకి ఎనిమిది సర్వర్లు. ఏడింటిలో కొత్త కోడ్ వేశారు, ఎనిమిదో దానిలో వేయలేదు. ఆపైన కొత్త ఫీచర్‌ని ఆన్ చేయడానికి, ఒకప్పుడు పాత ఫీచర్‌కి వాడిన స్విచ్‌నే మళ్ళీ వాడుకున్నారు. స్విచ్ వేయగానే ఏడు సర్వర్లు కొత్త పని చేశాయి, ఎనిమిదోది ఏళ్ళ తరబడి పడుకున్న పాత కోడ్‌ని నిద్ర లేపింది. సుమారు 45 నిమిషాల్లో కంపెనీకి 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం అని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ తేల్చింది. అన్నీ ఒకేలా ఉన్నాయని అనుకోవడమే తప్ప, చూసిన నాథుడు లేడు.

మూడోది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. 2018 జనవరి 13న హవాయి దీవుల్లో జనం ఫోన్లకి క్షిపణి వస్తోంది, దాక్కోండి అని ఎమర్జెన్సీ అలర్ట్ వెళ్ళింది. అది అబద్ధమని చెప్పే రెండో అలర్ట్ వెళ్ళడానికి 38 నిమిషాలు పట్టింది. డ్రిల్‌ని నిజమనుకుని ఒక ఉద్యోగి అలర్ట్ పంపేశాడు. అది మనిషి తప్పు అని వదిలేయొచ్చు. కానీ విచారణలో ఇంకో విషయం తేలింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ అలర్ట్‌కీ అసలు అలర్ట్‌కీ "పంపమంటారా" అని అడిగే ప్రశ్న ఒకటే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటే, కంగారులో ఉన్న మనిషి ఏం తేడా పట్టగలడు?

దీనికి పూర్తి వ్యతిరేకంగా, 2023లో మన దేశంలో టెలికాం శాఖ ఎమర్జెన్సీ అలర్ట్‌లు పరీక్షించింది గుర్తుందా? ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగాయి. ఉలిక్కిపడ్డాం. కానీ ఇది నమూనా పరీక్ష మాత్రమే, పట్టించుకోవద్దు అని మెసేజ్‌లోనే రాసి ఉంది. టెస్ట్‌ని టెస్ట్ అని నుదుటి మీద రాయడం ఎంత చిన్న పని, ఎంత పెద్ద ఉపకారం!

తేడా ఉండటం తప్పు కాదు, కనపడకపోవడమే తప్పు

ఇక్కడ కొందరు డెవలపర్ మిత్రులు ఒక మాట అంటారు. "అసలు రెండు చోట్లా అన్నీ ఒకేలా పెట్టేస్తే గొడవే ఉండదు కదా?" వినడానికి బాగుంటుంది, కుదరదు. టెస్ట్ చేసిన ప్రతిసారీ నిజమైన యూపీఐ పేమెంట్ చేయలేం. టెస్ట్ మెసేజ్‌లు నిజమైన జనానికి పంపలేం, పంపితే ఏమవుతుందో మొదట చెప్పిన 1 కథలోనే చూశాం. తేడాలు ఉంటాయి, ఉండాలి. నా అభిప్రాయం ఒక్కటే. ఆ తేడాలు తక్కువగా ఉండాలి, అవన్నీ ఒకేచోట కనపడాలి, వాటిని గుర్తుపెట్టుకునే బాధ్యత మనిషి జ్ఞాపకం మీద ఉండకూడదు.

ఇంకొందరు "చిన్న యాప్‌కి ఇంత అవసరమా" అంటారు. నేనూ అదే అనుకున్నాను. చిన్న యాప్‌కి టెస్టింగ్ టీమ్ ఉండదు, రాత్రంతా సర్వర్ చూసేవాళ్ళుండరు, తప్పు జరిగితే పట్టుకునేది వేళ్ళ మీద లెక్కలు వేసే మామ్మ ఒక్కతే. కాబట్టి చిన్న యాప్‌కే ఇది ఇంకా ఎక్కువ అవసరం.

దెబ్బ తిన్నాక నేను పాటిస్తున్న పద్ధతులు ఇవీ. కొత్తగా కనిపెట్టినవి ఏం లేవు.

ఒకటి, సెట్టింగ్స్‌ని కోడ్‌లో కలపొద్దు. హెరోకు కంపెనీవాళ్ళు 2011 ప్రాంతంలో రాసిన 'ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్' అనే మార్గదర్శకాల్లో దీనికి ఒక మంచి పరీక్ష ఉంది. మీ కోడ్ మొత్తాన్ని ఈ క్షణం అందరికీ తెరిచి పెట్టేస్తే ఒక్క పాస్‌వర్డ్ అయినా బయటపడుతుందా? పడుతుందంటే సెట్టింగ్స్ ఇంకా కోడ్‌లోనే ఉన్నాయన్నమాట. అయితే ఒక జాగ్రత్త. ఇది సర్వర్ వైపు మాట. ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్ లోపల మీరు ఏ తాళంచెవి దాచినా, తెలిసినవాడు ఆ ఫైల్ విప్పి చూడగలడు. నిజంగా రహస్యమైనది ఏదీ యాప్‌లో పెట్టకూడదు, సర్వర్‌లోనే ఉండాలి.

రెండు, కావాల్సిన సెట్టింగ్ లేకపోతే యాప్ ఆగిపోవాలి. నేను చేసిన పాపం ఇదే. పేజీ రంగు దొరక్కపోతే తెలుపు అనుకోవచ్చు, పర్వాలేదు. డబ్బు లెక్కకి, మందుల మోతాదుకి, సర్వర్ అడ్రస్‌కి "దొరక్కపోతే ఇది అనుకో" అనకూడదు. ఇప్పుడు బావ యాప్ తెరవగానే కావాల్సిన సెట్టింగ్స్ జాబితా చూసుకుంటుంది. ఒక్కటి లేకపోయినా ఎర్ర స్క్రీన్ మీద "రేటు రాలేదు, బిల్లు వేయొద్దు" అని వస్తుంది. ఆగిపోయిన యాప్ వల్ల బావ ఒక పూట పుస్తకంలో రాసుకుంటాడు. అబద్ధం చెప్పే యాప్ వల్ల దొంగ అనిపించుకుంటాడు.

మూడు, టెస్ట్ యాప్ టెస్ట్‌లాగే కనపడాలి. ఆండ్రాయిడ్‌లో టెస్ట్ యాప్‌కి ప్యాకేజ్ పేరు చివర ఒక ముక్క తగిలిస్తే అసలు యాప్, టెస్ట్ యాప్ రెండూ ఒకే ఫోన్‌లో పక్కపక్కనే ఉంటాయి. నా టెస్ట్ యాప్ ఐకాన్ ఇప్పుడు నారింజ రంగు, ప్రతి స్క్రీన్ పైన "పరీక్ష" అని పట్టీ ఉంటుంది. రెండు యాప్‌లూ కవల పిల్లల్లా ఉంటే ఒకరికి వేయాల్సిన దెబ్బ ఇంకొకరికి పడుతుంది.

నాలుగు, జనానికి ఇచ్చేది ఏదో అదే టెస్ట్ చేయాలి. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ రోజూ నడిపేది డీబగ్ బిల్డ్, ప్లే స్టోర్‌కి వెళ్ళేది రిలీజ్ బిల్డ్. ఇవి అన్నదమ్ములే గానీ ఒకటి కాదు. రిలీజ్‌లో యాప్ సైజు తగ్గించే టూల్ కోడ్‌లోని పేర్లు మార్చేస్తుంది, ఆ పేర్ల మీద ఆధారపడిన భాగం ఉంటే అక్కడ పడిపోతుంది. మ్యాప్స్ తాళంచెవిని యాప్ సంతకానికి ముడిపెడతారు, డీబగ్ సంతకం వేరు, ప్లే స్టోర్ సంతకం వేరు. అందుకే డెవలపర్ ఫోన్‌లో మ్యాప్ కనిపిస్తుంది, మీ ఫోన్‌లో బూడిద రంగు ఖాళీ పెట్టె కనిపిస్తుంది. ఎమ్యులేటర్‌లో లాప్‌టాప్ సర్వర్‌ని చేరడానికి 10.0.2.2 అనే అడ్రస్ వాడతారు, అది పొరపాటున రిలీజ్‌లో ఉండిపోతే ఈ లోకంలో ఏ ఫోన్‌లోనూ ఆ యాప్ పనిచేయదు. ఇవన్నీ రిలీజ్ బిల్డ్‌ని ఒక్క గంట వాడి చూస్తే దొరికేవే.

ఐదు, అందరికీ ఒకేసారి ఇవ్వొద్దు. ప్లే స్టోర్‌లో అప్‌డేట్‌ని మొదట కొద్ది శాతం మందికే పంపే వీలుంది. యాపిల్ ఆటోమేటిక్ అప్‌డేట్లని ఒక శాతంతో మొదలుపెట్టి ఏడు రోజుల్లో అందరికీ చేర్చే పద్ధతి ఇస్తుంది. బావ ఊళ్ళో మేము ఐదు ఇళ్ళతో మొదలుపెడతాం. ఆ ఐదింట్లో మొదటిది ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటా.

ఆరు, ముఖ్యమైన సెట్టింగ్ జనానికి కనపడాలి. ఇప్పుడు ప్రతి మెసేజ్‌లో లీటర్లు, ఫ్యాట్‌తో పాటు రేటు కూడా వెళుతుంది. ముందే అలా పెట్టి ఉంటే మొదటి పూటే తప్పు దొరికేది. పదిహేను రోజులు పట్టేది కాదు.

అసలైన ప్రొడక్షన్ మీ జేబులో ఉంది

ఇది గ్యాడ్జెట్ సైట్ కదా, ఇదంతా ఎందుకు అనుకోవచ్చు. కారణం ఉంది. మొబైల్ యాప్‌కి అసలైన ప్రొడక్షన్ ఎక్కడో డేటా సెంటర్‌లో లేదు, మీ జేబులో ఉంది. డెవలపర్ దగ్గర కొత్త ఫోన్, వైఫై, సగం ఖాళీ స్టోరేజ్, ఇంగ్లీష్ సెట్టింగ్. మా నాన్న దగ్గర నాలుగేళ్ళ ఫోన్, నిండిపోయిన స్టోరేజ్, అక్షరాల సైజు చివరిదాకా పెంచిన తెలుగు డిస్‌ప్లే, బ్యాక్‌గ్రౌండ్‌లో ఏ యాప్‌నీ బతకనివ్వని బ్యాటరీ సేవర్. ఇవన్నీ కూడా కాన్ఫిగరేషన్ తేడాలే. డెవలపర్ రాసినవి కావు, అంతే తేడా.

ఈ విషయంలో మా రివ్యూయర్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. మేమూ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లోనే బతుకుతాం. కొత్త ఫోన్, ఖాళీ స్టోరేజ్, పది యాప్‌లు, వారం రోజుల వాడకం, దాని మీద ఒక తీర్పు. మీరు కొని వంద యాప్‌లు వేసి, రెండు సిమ్‌లు పెట్టి, పెళ్ళి వీడియోలతో నింపేశాక ఆ ఫోన్ ఎలా ఉంటుందో ఆ వారంలో తెలీదు. "మీ రివ్యూలో బాగుందన్నారు, నా ఫోన్ మాత్రం నత్తనడక" అని మీలో ఒకరు రాస్తే నేను ఒకప్పుడు చిరాకు పడేవాడిని. ఇప్పుడు పడను. బావకి నేను చెప్పిన మాటే అప్పుడూ చెబుతున్నానని అర్థమైంది. అందుకే కొంతకాలంగా ప్రతి ఫోన్‌నీ స్టోరేజ్ దాదాపు నింపి, తెలుగులో పెట్టి, రెండు సిమ్‌లు వేసి కూడా వాడి చూస్తున్నాను. రివ్యూ రెండు రోజులు ఆలస్యంగా వస్తోంది. రానివ్వండి.

మీ వైపు నుంచి చేయగలిగినవీ ఉన్నాయి. ఆండ్రాయిడ్ బీటా, ఐఓఎస్ పబ్లిక్ బీటా వేసుకోవాలనే సరదా నాకూ ఉంది, కానీ బీటా అంటే మీరు టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లోకి అడుగుపెట్టినట్టు. యూపీఐ, బ్యాంక్, ఆఫీస్ మెయిల్ ఉన్న ఫోన్ మీ ప్రొడక్షన్. ప్రయోగాలకి పాత ఫోన్ ఒకటి పక్కన పెట్టుకోండి. డెవలపర్ ఆప్షన్స్, యూఎస్‌బీ డీబగ్గింగ్ పని అయిపోయాక ఆఫ్ చేయండి, అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంక్ యాప్‌లు తెరుచుకోవు కూడా, వాటి భయం వాటిది. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వాయిదా వేయకండి. ఇక యాప్‌కి ఒక్క స్టార్ ఇచ్చి "వేస్ట్" అని రాసే బదులు, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఏం నొక్కితే ఏమైందో రెండు లైన్లు రాయండి. నిజాయితీ ఉన్న డెవలపర్‌కి ఆ రెండు లైన్లు బంగారం.

డెవలపర్లకి నాది ఒక్కటే మనవి. యూజర్ ఫోన్ చేసి తప్పు వస్తోందంటే, "నా ఫోన్‌లో బాగానే ఉందే" అని నోటిదాకా వచ్చినా ఆపుకోండి. దాని బదులు "నా ఫోన్‌లో ఉన్నది, మీ ఫోన్‌లో లేనిది ఏమిటి?" అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ ప్రశ్న నేను మొదటి నిమిషంలోనే అడిగి ఉంటే బావతో గంటసేపు వాదించేవాడిని కాదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కేంద్రం దగ్గర మామ్మ కనపడింది. మెసేజ్ రాగానే మనవడి చేత చదివించుకుంది, లీటర్లు, ఫ్యాట్, రేటు. వేళ్ళు మడిచి ఒకసారి లెక్క చూసుకుంది. "సరిపోయిందిలే అబ్బాయ్" అని క్యాను తీసుకుని వెళ్ళిపోయింది. నేను రాసిన యాప్‌కి ఇంతకంటే మంచి రేటింగ్ ఇంకా రాలేదు.